పట్టుకున్న లెక్క సరే, శిక్ష పడిన లెక్క ఏదండీ?

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నేను చిత్తూరు జిల్లా కోర్టుల్లో గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కుగా రిటైరైన మనిషిని. అడవి గురించి నాకు తెలిసింది తక్కువ. అడవి నుంచి కోర్టుకొచ్చే కాగితం గురించి మాత్రం బాగా తెలుసు. ఈ ఉత్తరం ఆ కాగితం గురించే.

మా తిరుపతి, చిత్తూరు పేపర్లలో తరచూ ఒకే రకం ఫొటో పడుతుంది. ముందు వరుసలో ఎర్రచందనం దుంగలు, వాటి వెనక ముసుగులేసి కూర్చోబెట్టిన మనుషులు, ఆ వెనక నిలబడిన అధికారులు. అప్పుడప్పుడూ దుంగల స్థానంలో గోనెసంచిలోంచి బయటికి తీసిన నక్షత్ర తాబేళ్లుంటాయి, లేదా ఒంటినిండా పొలుసులుండే ఒక అలుగు, లేదా ప్లాస్టిక్ డబ్బాలో చుట్టుకుని పడుకున్న రెండు తలల పాము. కింద వార్తలో వాటి విలువ ఇన్ని లక్షలని రాస్తారు. బాగుంది, పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ కేసు ఏమైందని అదే పేపర్లో వార్త రావడం ఎప్పుడైనా చూశారా? నేను దాదాపుగా చూడలేదు. ఎందుకు రాదో కోర్టు హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. చెప్పుకోదగ్గ ముగింపు చాలా కేసులకు ఉండదు.

సిబ్బంది కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఈ రెండు సంఘటనలూ మా జిల్లా మరిచిపోలేదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, వాటి చుట్టుపక్కల కొండల్లోనే. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1995లోనే దాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. 2021లో ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి మార్చింది. అలాంటి చెట్టు కోసం తిరుపతి కేంద్రంగా టాస్క్‌ఫోర్స్ పెట్టడం, ప్రత్యేక కోర్టు పెట్టడం సరైన పనే. వద్దని ఎవరంటారు?

కానీ దుంగ ఏ దారిన పోతుందో తాబేలూ ఆ దారినే పోతుంది. రేణిగుంట జంక్షన్, కాట్పాడి రైళ్లు, పలమనేరు మీదుగా కర్ణాటకకు పోయే రోడ్డు, నరహరిపేట దాటితే తమిళనాడు, ఇటు పక్క చెన్నై విమానాశ్రయం, రేవు. మూడు రాష్ట్రాలు కలిసే మూల మాది. స్మగ్లరుకు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఎర్రచందనానికి టాస్క్‌ఫోర్స్ ఉంది, కోర్టు ఉంది, గోడౌన్లున్నాయి. తాబేలుకు ఏముంది? ఒక బీట్ ఆఫీసరు, ఆయన చేతిలో పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) పుస్తకం.

చట్టం బలహీనంగా ఉందా అంటే, లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్లను నాలుగుకు కుదించారు. మామూలు ఉల్లంఘనలకు 25,000 రూపాయలున్న గరిష్ఠ జరిమానాను లక్షకు పెంచారు. ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 జరిమానా. అక్రమంగా దగ్గర పెట్టుకున్నట్టు దొరికితే, సక్రమమేనని నిరూపించుకోవాల్సిన భారం ముద్దాయి మీదే పెట్టే సెక్షన్ కూడా అందులో ఉంది. మామూలు దొంగతనం కేసులో ప్రాసిక్యూషన్‌కు ఇంత సౌకర్యం ఎక్కడుంది? ఇన్ని ఉన్నా కేసు నిలబడకపోతే లోపం చట్టం రాసిన కాగితంలో కాదు, కేసు రాసిన కాగితంలో ఉందన్నమాట.

అది ఎక్కడెక్కడ ఉందో చెప్తాను. కొంచెం ఓపికపట్టి చదవండి. ఇవి పేపర్లో రావు, అసెంబ్లీలో ఎవరూ అడగరు.

మొదటిది సెక్షన్ 55. వన్యప్రాణి కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే చట్టం చెప్పిన అధికారి స్వయంగా ఫిర్యాదు దాఖలు చెయ్యాలి. మామూలు నేరాల్లోలాగా పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి చార్జిషీటు వేస్తే సరిపోదు. మామూలు పౌరుడైనా 60 రోజుల నోటీసు ఇచ్చి ఫిర్యాదు చెయ్యొచ్చు గానీ, పోలీసు చార్జిషీటు ఒక్కటే అయితే కుదరదు. రాత్రిపూట వాహనాలు తనిఖీ చేస్తుంటే తాబేళ్లు దొరికాయనుకోండి. పట్టుకున్నది పోలీసులు. వాళ్లకు అలవాటైన పద్ధతిలో కేసు కట్టి, చార్జిషీటు వేసి, వేరే పనిలో పడతారు. అటవీ శాఖకు సమాచారం పోతుంది, తాబేళ్లు పోతాయి, ఫిర్యాదు మాత్రం దాఖలు కాదు. అటు పక్క లాయరుకు ఇంకేం కావాలి? మొదటి వాయిదాకే ఆ ఒక్క పాయింటు మీద నిలబడతాడు. ముద్దాయి తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్న దాకా కేసు పోనే పోదు.

రెండోది ఇంకా చిక్కు. ఫిర్యాదు మీద నడిచే ఇలాంటి కేసుల్లో చార్జి (అభియోగం) ఖరారు చెయ్యకముందే ప్రాసిక్యూషన్ సాక్షులు ఒకసారి వచ్చి సాక్ష్యం చెప్పాలి. చార్జి ఖరారయ్యాక ముద్దాయి తరఫువాళ్లు అడిగితే అదే సాక్షులు క్రాస్ ఎగ్జామినేషన్‌కు మళ్లీ రావాలి. పోలీసు చార్జిషీటు మీద నడిచే కేసులో ఈ మొదటి విడత ఉండదు. అంటే తాబేలు కేసులో సాక్షిగా ఉన్న రేంజ్ ఆఫీసరు రెండు విడతలు కోర్టు మెట్లెక్కాలి. ఈలోపు ఆయనకు బదిలీ అయివుంటుంది. శ్రీకాకుళంలో ఉన్నాయన సమన్లు అందుకుని, అక్కడ సెలవు చెప్పి, ఇక్కడికొచ్చి కూర్చుంటే ఆ రోజు ముద్దాయి లాయరు రాడు. వాయిదా. మళ్లీ వస్తే జడ్జిగారు సెలవు. మళ్లీ వాయిదా. మూడోసారి ఆయన రాడు, వారంటు పోతుంది. ఆయన్ను తప్పు పట్టగలమా చెప్పండి.

మూడోది పంచనామా. జప్తు చేసినప్పుడు ఇద్దరు పంచుల, అంటే అక్కడుండి చూసిన సాక్షుల, సంతకాలుండాలి. అర్ధరాత్రి అడవి పక్కన పంచులెక్కడ దొరుకుతారు? పక్క ఊళ్లో పడుకున్న మనిషిని లేపి, తెల్లారాక సంతకం తీసుకుంటారు. నాలుగైదేళ్ల తర్వాత బోనెక్కిన ఆ మనిషి, "కాగితంలో ఏముండాదో నాకు తెలీదు సామీ, పెట్టమన్నారు, పెట్టినా" అంటాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు రాసుకున్నానో! అబద్ధం చెప్తున్నాడని అనలేం. చాలాసార్లు అదే నిజం కూడా. అంతటితో కేసు సగం పోయినట్టే.

ఈ మూడింటికీ మందు ఉంది, అదీ ఖరీదైనదేమీ కాదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదా, జప్తు వీడియో తియ్యాలి. ఫోను చాలు. అటవీ సిబ్బంది చేసే ప్రతి జప్తుకూ అదే పద్ధతి తప్పనిసరి చేస్తూ మీ శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. సాక్ష్యాన్ని ఆడియో వీడియో ద్వారా ఇవ్వడానికీ ఆ చట్టంలో దారి ఉంది కాబట్టి, బదిలీ అయిన అధికారి ఉన్న జిల్లా నుంచే చెప్పొచ్చు. ఇక వన్యప్రాణి చట్టం సెక్షన్ 50లో ఒక మంచి ఆయుధం దుమ్ముపట్టి పడుంది. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి ముద్దాయి ఎదుట సాక్ష్యం నమోదు చేస్తే, దాన్ని తర్వాత మేజిస్ట్రేటు దగ్గర జరిగే విచారణలో సాక్ష్యంగా తీసుకోవచ్చు. పోలీసు అధికారికి లేని వీలు ఇది. నా చేతుల మీదుగా పోయిన ఫైళ్లలో దీన్ని సరిగ్గా వాడినవి చాలా అరుదు. ఎందుకంటే ఆ అధికారికి దీన్ని ఎవరూ నేర్పలేదు. అటవీ అకాడమీలో చెట్ల పేర్లు నేర్పినట్టే ఫిర్యాదు రాయడమూ నేర్పాలి. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలకూ కలిపి వన్యప్రాణి కేసులు మాత్రమే చూసే ప్రాసిక్యూటరు ఒకరుండాలి. ఇప్పుడున్న ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు) చేతిలో దొంగతనాలు, కొట్లాటలు, చెక్ బౌన్సులు పోగా మిగిలిన అరగంట అలుగుకు దక్కుతుంది.

శిక్ష పడటం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే ఒక మాట. సెక్షన్ 51ఏ అని ఒకటుంది. మొదటి షెడ్యూలు జంతువుల కేసుల్లో బెయిలు కష్టం చేసే సెక్షన్ అది. కానీ అది వర్తించేది ఇదే చట్టం కింద అంతకుముందు ఒకసారి శిక్ష పడినవాడికే. మొదటిసారి శిక్షే పడకపోతే రెండోసారి, మూడోసారి, పదోసారి పట్టుబడినా వాడు చట్టం దృష్టిలో కొత్తవాడే. బెయిలు తీసుకుని బయటికొస్తాడు, తెలిసిన లాయరు, తెలిసిన జామీనుదారులు, అంతా సిద్ధంగా ఉంటారు. మీ సిబ్బంది ఒకే మనిషిని మళ్లీ మళ్లీ పట్టుకుని, మళ్లీ మళ్లీ ఫొటో దిగడానికి అసలు కారణం ఇది. పట్టుకున్న ప్రతి కేసూ విజయంగా లెక్కలోకెక్కుతుంది. ఆ లెక్కతోనే పదోన్నతులూ ప్రశంసాపత్రాలూ వస్తుంటే కోర్టు వాయిదాలకు తిరిగే అధికారిని ఎవరు పట్టించుకుంటారు?

ఇక తాబేలు సంగతి. నక్షత్ర తాబేలు దట్టమైన అడవిలో ఉండే జీవి కాదు. ముళ్లపొదలు, మెట్టభూములు, వేరుశనగ చేల గట్లు దాని ఇల్లు. అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కన మనుషులు తిరిగే చోటే తిరుగుతుంది. రిజర్వు అడవి చుట్టూ ఎంత కాపలా పెట్టినా దీనికి ఉపయోగం లేదు. గొర్రెలు కాచుకునే పిల్లవాడికి దొరుకుతుంది, వాడికి నూటికో యాభైకో కొనేవాడు ఊళ్లోనే ఉంటాడు, వాడి దగ్గర సంచులకొద్దీ కొనేవాడు టౌనులో ఉంటాడు. అక్కడి నుంచి థాయ్‌లాండ్, మలేషియా, చైనాల్లో పెంపుడు జంతువుగా అమ్ముడుపోతుంది. భారతదేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు పోతున్నాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో దీన్ని మొదటి అనుబంధంలోకి మార్చారు, అంటే అడవిలో పట్టినదాన్ని అంతర్జాతీయంగా అమ్మడం పూర్తిగా నిషేధం. జెనీవా దాకా వెళ్లి మన దేశం సాధించుకొచ్చిన రక్షణ కుప్పం సంతలో ఎవరికి తెలుసు?

దొరికిన తాబేళ్ల గతి ఇంకో కథ. అవి కోర్టు భాషలో కేసు ప్రాపర్టీ. కత్తి, సెల్‌ఫోను లాంటివైతే మాల్‌ఖానాలో, అంటే జప్తు సొత్తు దాచే గదిలో, పెట్టొచ్చు. వీటికి నీళ్లు, ఆకులు, ఎండ కావాలి. జూకి పంపుతారు, తర్వాత కోర్టు అనుమతితో వదిలేస్తారు. ఎక్కడ వదలాలి? రాజస్థాన్, గుజరాత్ వైపు తాబేళ్లు వేరు, మన దక్షిణాది తాబేళ్లు వేరు, శ్రీలంకవి వేరు. ఎక్కడిదో తెలియకుండా కనిపించిన అడవిలో వదిలితే రోగాలు అంటించడమే కాక జాతులూ కలగాపులగమైపోతాయి. అది తేల్చాలంటే డీఎన్ఏ పరీక్ష కావాలి. అలుగు పొలుసులో, మాంసమో, ఉడుము తోలో పట్టుకున్నప్పుడూ అది ఫలానా జంతువుదేనని కోర్టుకు చెప్పడానికి పరీక్షే దిక్కు. "అనుభవం మీద చెప్తున్నాను, అది దుప్పి మాంసమే" అని బీట్ ఆఫీసరు అంటే క్రాస్‌లో అయిదు నిమిషాలు కూడా నిలబడదు.

ఈ పరీక్షల్లో హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాలకు దేశవ్యాప్తంగా పేరుంది. అయినా ప్రతి ముక్కా హైదరాబాదుకు ఎందుకు పోవాలి? తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, 2015 నుంచి కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్ ఉంది, ఎస్వీయూలో జువాలజీ విభాగం ఉంది, ఎస్వీ జూ పార్కూ ఉంది. ఇన్ని సంస్థలు ఒకే ఊళ్లో ఉన్న చోటు రాష్ట్రంలో ఇంకెక్కడుంది? వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి వన్యప్రాణి ఫోరెన్సిక్ ల్యాబ్ ఒకటి తిరుపతిలో పెట్టించండి. కోర్టులో చెల్లే రిపోర్టు ఇవ్వడానికి కావాల్సిన గుర్తింపు ప్రభుత్వం తలుచుకుంటే ఇప్పించగలదు. విద్యార్థులకు పని, కోర్టుకు రిపోర్టు, రెండూ దొరుకుతాయి.

కొనేవాళ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. తాబేళ్లను విదేశీయులు కొంటారు సరే, రెండు తలల పామును కొనేది మనవాళ్లే. తోక మొద్దుగా ఉండటం వల్ల రెండు తలలున్నట్టు కనిపించే పాపం పాము అది. విషం లేదు, ఎవరి జోలికీ పోదు, పొలంలో ఎలుకలు తిని బతుకుతుంది. దాని బరువును బట్టి లక్షలు, కోట్లు పలుకుతుందని, ఇంట్లో ఉంటే గుప్తనిధి కనిపిస్తుందని చెప్పే బ్రోకర్లు మా వైపు కొల్లలు. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాళ్లు, ఇరవై గోళ్ల తాబేలు అమ్మేవాళ్లు, రెండు తలల పాము అమ్మేవాళ్లు చాలాసార్లు ఒకే ముఠా. మోసపోయినవాడు పోలీసు స్టేషనుకు పోలేడు, పోతే తనమీదే కేసు. నక్క కొమ్ము ఇంకో విడ్డూరం. నక్కకు కొమ్ముండదు. అయినా దాన్ని జేబులో పెట్టుకుంటే కలిసొస్తుందని చదువుకున్నవాళ్లు కూడా కొంటారు. ఏనుగు తోక వెంట్రుక ఉంగరం, పులిగోరు లాకెట్టు సరేసరి. యాత్రికులు వచ్చే ఊళ్లలో ఇవి అడిగితే చూపించేవాళ్లుంటారు. చాలావరకు నకిలీవే. కానీ నకిలీకి గిరాకీ ఉన్నన్నాళ్లు అసలు కోసం ఉచ్చులు పెట్టేవాడూ ఉంటాడు. దేవాంగపిల్లిని చేతబడి కోసం పట్టేవాళ్లు, రామచిలుకను పంజరంలో పెట్టి జాతకం చెప్పించేవాళ్లు, ఉడుము రక్తం తాగితే నడుము గట్టిపడుతుందనేవాళ్లు, ఈ జాబితాకు అంతు లేదు.

తిరుమలకు రోజూ వేలమంది వస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమూ మన వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో కలిసి విమానాశ్రయాల్లో నక్షత్ర తాబేలు, అలుగు బొమ్మలతో హెచ్చరిక బోర్డులు పెట్టించాయి. విమానం ఎక్కేవాళ్లకే ఎందుకు? తిరుపతి బస్టాండులో, రైల్వే స్టేషన్లో, అలిపిరిలో తెలుగు, తమిళం, కన్నడ, హిందీల్లో ఒక బోర్డు పెట్టండి: పులిగోరు, ఏనుగు వెంట్రుక కొంటే కొన్నవాడికీ జైలే. ఈ సంగతి చాలామందికి నిజంగానే తెలియదు.

పట్టుబడేది ఎవరో కూడా ఒకసారి చూడండి. తమిళనాడు జవ్వాది కొండల నుంచి వచ్చిన చెట్టు కొట్టే కూలీ, పూసలమ్ముకునే నక్కల కులస్తుడు, ఊరి చివర గుడిసెలో ఉండే యానాది. లారీ ఎవరిది, గోడౌను ఎవరిది, చెన్నైలో డబ్బిచ్చింది ఎవరన్నది చార్జిషీటులో "పరారీలో ఉన్నారు" అన్న ఒక్క వాక్యంతో తేలిపోతుంది. నక్కలవాళ్ల మీద కేసు రాయడం సులువు. వాళ్లకు లాయరుండడు, జామీనుండదు, తిరగబడి అడిగేవాడుండడు. అలాంటి కేసులు లెక్క పెంచడానికి పనికొస్తాయి తప్ప వ్యాపారాన్ని ఆపవు. వన్యప్రాణి చట్టం నేరాలు మనీలాండరింగ్ చట్టం షెడ్యూలులో ఉన్నాయి, అంటే వాటి మీద వచ్చిన ఆస్తిని జప్తు చేసే దారి ఉంది. ఎర్రచందనంలో ఈడీ దాకా పోయిన కేసులున్నాయి. తాబేలు కేసుల్ని కూడా ఆ దృష్టితో చూడాలి. ఫోను కాల్స్, బ్యాంకు ఖాతాలు, వాట్సాప్ గ్రూపులు తవ్వడం బీట్ ఆఫీసరు పని కాదు. టాస్క్‌ఫోర్స్‌లో ఆ పని తెలిసిన పోలీసులున్నారు. కాబట్టి టాస్క్‌ఫోర్స్ పరిధిలోకి ఎర్రచందనంతోపాటు వన్యప్రాణుల వ్యాపారాన్నీ తెండి. చెన్నైలో ఉన్న వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో ప్రాంతీయ కార్యాలయానికి తిరుపతి నుంచి మూడు గంటల ప్రయాణం, ఒక అధికారిని ఆ పనికే పెట్టొచ్చు. 2016 డిసెంబరు, 2017 జనవరిల్లో ఆ బ్యూరో ఆపరేషన్ సేవ్ కూర్మ అని దేశమంతా ఒకేసారి దాడులు చేయించి 15,000కు పైగా తాబేళ్లను కాపాడింది. రాష్ట్రాలు కలిసి పనిచేస్తే ఏమవుతుందో చూపించడానికి అదే ఉదాహరణ.

యానాదుల విషయం వచ్చింది కాబట్టి పక్క రాష్ట్రం సంగతి ఒకటి గుర్తుచేస్తాను. పాము తోళ్ల వ్యాపారం మీద నిషేధం వచ్చాక బతుకుతెరువు పోయిన, పాములు పట్టే గిరిజనులు ఇరుళర్లు 1978లో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేసే పని మొదలుపెట్టారు. మన దేశంలో పాముకాటు మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం ఆ సంఘం నుంచే వచ్చింది. 2023లో వాళ్లలో ఇద్దరికి పద్మశ్రీ కూడా ఇచ్చారు. అడవి గురించి వాళ్లకు తెలిసినంత ఏ రేంజ్ ఆఫీసరుకూ తెలియదు. మన యానాదులకు తెలిసిందీ అంతే. బేస్ క్యాంపుల్లో వాచర్లుగా కొందరిని పెట్టుకుంటున్నారు, మంచిదే. ఆ జీతం నెలనెలా అందితే ఇంకా మంచిది. సమాచారం ఇచ్చినవాళ్లకు జరిమానా సొమ్ములోంచి బహుమానం ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది, అది కూడా శిక్ష పడితేనే కదా.

విదేశీ పెంపుడు జంతువుల గురించి క్లుప్తంగా. ఇగ్వానాలు, బాల్ పైథాన్లు, మకావ్ చిలుకలు ఇప్పుడు తిరుపతి ఇళ్లలోనూ ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం నాలుగో షెడ్యూలు (సైటిస్ జాబితాలోని) జంతువులున్నవాళ్లు ఆరు నెలల్లోగా కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలన్నారు. ఎంతమంది చేసుకున్నారో మీ శాఖ దగ్గర లెక్కుంటుంది. ఆ లెక్కను పెట్ షాపుల అమ్మకాలతో పోల్చి చూడమని ఎవరికైనా చెప్పండి.

చివరిగా నేను అడిగేది ఒక్కటే, మిగతావన్నీ ఆలస్యమైనా పర్లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇప్పటిదాకా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వన్యప్రాణి చట్టం కింద నమోదైన ప్రతి కేసు వివరాలూ శాఖ వెబ్‌సైట్లో పెట్టించండి. ఏ జంతువు, ఏ తేదీన జప్తు, కోర్టులో ఫిర్యాదు దాఖలైందా లేదా, దాఖలైతే ఏ తేదీన, చార్జి ఖరారైందా, శిక్షా కొట్టివేతా, కొట్టేస్తే జడ్జిగారు చెప్పిన కారణం ఏమిటి. ముద్దాయిల పేర్లు అక్కర్లేదు. మూడు నెలలకోసారి దాన్ని మారుస్తూ ఉండమనండి. రేంజ్ ఆఫీసర్ల పనితీరు సమీక్షలో జప్తుల సంఖ్య పక్కనే ఈ కాలమ్ కూడా పెట్టమనండి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, జీవో కూడా బహుశా అక్కర్లేదు. ప్రతి రేంజ్ ఆఫీసులో కేసుల రిజిస్టరు ఉంటుంది, ప్రతి కోర్టులో డాకెట్ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే గుమాస్తా ఒకడు చాలు.

ఇట్లు,
కోర్టు విశ్రాంత ఉద్యోగి,
చిత్తూరు

ప్రతులు: తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి